వెనక చక్రాల ర్యాలీ బండి సెటప్: డర్ట్ ర్యాలీ 2.0లో మలుపును మూడు ముక్కలు చేసి ట్యూన్ చేయడం ఎలా

డర్ట్ ర్యాలీ 2.0 అనే ర్యాలీ కార్ల వీడియో గేమ్ ఆడేవాళ్లు మా నెల్లూరులో అయినా అటు ఒంగోలులో అయినా ఎక్కువమంది ఒకటే దారి పడతారు. ముందు ఏ సుబారునో మిత్సుబిషినో తీసుకుని నాలుగు చక్రాల డ్రైవ్‌తో చేయి తిరిగేదాకా ఆడతారు, ఒకరోజు ఇంజిన్ బలమంతా వెనక చక్రాలకే వెళ్లే ఫోర్డ్ ఎస్కార్ట్ మార్క్ 2 చూసి ముచ్చటపడి ఎక్కుతారు, రెండో మలుపులోనే అది గిర్రున తిరిగి చెట్టుకు కొట్టుకుంటుంది, ‘ఏందబ్బా ఈ బండి, ఇది మనవల్ల కాదు’ అని దిగిపోతారు. దిగొద్దు. ఆ బండి తిరిగిపోవడంలో సగం మీ కుడికాలి పని, మిగతా సగం సెటప్, అంటే గేమ్‌లో బండి భాగాలను మన అవసరానికి సర్దుకోవడం. కాలు సంగతి ప్రాక్టీసుతో వస్తుంది, సెటప్ సంగతి ఇక్కడ చెప్తాను.

ఒక్క మాట ముందే మనసులో పెట్టుకోండి. వెనక అసలు జారకూడదు అనుకుని సెటప్ మొదలుపెడితే బండి మలుపు తిరగడం మానేసి ముందుకే పోతుంది, ఎందుకంటే మట్టి మీద వెనక చక్రాల బండి తిరిగేదే వెనక జారడం వల్ల. మనకు కావాల్సింది, మనం జారమన్నప్పుడు జారాలి, వద్దన్నప్పుడు కుదురుగా ఉండాలి, ఆ రెండింటి మధ్య మార్పు చేతికి ముందే తెలియాలి. ఏ స్లైడర్ ముట్టుకున్నా దీనికోసమే.

మొదట, పరీక్షకు ఒక రోడ్డు

కెరీర్‌లో ఈవెంట్ మధ్యలో కూర్చుని సెటప్ మార్చకండి, అక్కడ టెన్షన్‌లో ఏ మార్పు ఏం చేసిందో తేలదు. టైమ్ ట్రయల్‌కి వెళ్లి ఒక బండి, ఒక చిన్న స్టేజ్, పొడి వాతావరణం పెట్టుకోండి. నేనైతే న్యూజిలాండ్ చెప్తాను, రోడ్డు వెడల్పుగా ఉంటుంది, కంకర మరీ రాళ్లతో నిండి ఉండదు, స్పీడు మలుపులూ నెమ్మది మలుపులూ రెండూ దొరుకుతాయి. అర్జెంటీనాలో మొదలుపెడితే పక్క బండరాళ్లకి కొట్టుకోవడంతోనే సరిపోతుంది, సెటప్ గురించి ఏమీ నేర్చుకోలేరు.

ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ కంట్రోల్ రెండూ తీసేయండి. అవి ఆన్‌లో ఉంటే మీరు డిఫరెన్షియల్ మార్చినా గేమ్ మధ్యలో వచ్చి దాన్ని సర్దేస్తుంది, మీకేమో మార్పు పనిచేయలేదనిపిస్తుంది. ఒకేసారి రెండూ తీయడం కష్టంగా ఉంటే ముందు స్టెబిలిటీ తీయండి.

డీఫాల్ట్ సెటప్‌తోనే ఆ స్టేజ్‌ని మీ టైమ్ దాదాపు ఒకేలా వచ్చేదాకా నడపండి. ఇది విసుగు పని, నాకు తెలుసు, కానీ మీ టైమే ఒకసారికీ ఒకసారికీ ఎనిమిది పది సెకన్లు ఎగిరిపడుతుంటే సెటప్ వల్ల రెండు సెకన్లు తగ్గిన సంగతి ఎలా తెలుస్తుంది? ఫుల్ స్పీడులో కాదు, బండిని రోడ్డు మీద నిలబెట్టుకోగలిగే స్పీడులో నడపండి.

మలుపును మూడు ముక్కలు చేయడం

ఇప్పుడు అసలు పని. రీప్లే పెట్టుకుని గానీ నడుపుతూ గానీ ప్రతి మలుపులో ఒకటే ప్రశ్న వేసుకోండి: వెనక ఎక్కడ వదిలేసింది? బ్రేక్ కొట్టి లోపలికి దిగేటప్పుడా, నడిమధ్యలో రేజూ బ్రేకూ ఏదీ గట్టిగా లేనప్పుడా, బయటికి వస్తూ రేజ్ ఇచ్చినప్పుడా? అలాగే బండి తిరగకుండా ముందుకే పోతుంటే, అది కూడా ఏ ముక్కలో పోతోంది? ఒక కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో అయినా సరే.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, ‘బండి వెనక జారుతోంది, ఏం మార్చాలన్నా?’ అని అడిగే తమ్ముళ్లలో చాలామందికి ఎక్కడ జారుతోందో తెలియదు. దిగేటప్పుడు జారితే మార్చేది వేరు, బయటికొచ్చేటప్పుడు జారితే మార్చేది వేరు, ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే రోగం ముదురుతుంది. దిగేటప్పుడు జారే బండికి బ్రేక్ బయాస్, డిఫరెన్షియల్ బ్రేకింగ్ లాక్ చూడాలి. నడిమధ్యలో అయితే ప్రీలోడ్, యాంటీ రోల్ బార్లు, స్ప్రింగులు. బయటికొచ్చేటప్పుడు అయితే డ్రైవింగ్ లాక్, వెనక స్ప్రింగుల మెత్తదనం, గేర్లు. దాదాపు అన్నీ ఈ మూడు గూళ్లలోనే సర్దుకుంటాయి. ఈ పేర్లు ఇప్పుడే అర్థం కాకపోయినా పర్వాలేదు, కింద ఒక్కొక్కటీ చెప్తాను.

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చేటప్పుడు మాత్రం ఒక గడి జరిపి ఊరుకోకండి, తేడా చేతికి తెలిసేంత గట్టిగా మార్చండి, ఎటు పోతోందో అర్థమయ్యాక వెనక్కి తెచ్చి సరిచేసుకోండి.

డిఫరెన్షియల్, ముందు దీన్నే ముట్టుకోండి

వెనక చక్రాల బండిలో అన్నిటికంటే పెద్ద తేడా చేసేది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

దమ్ములో దిగబడిన ట్రాక్టర్ చూశారు కదా. ఒక పెద్ద చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటుంది, రెండోది కదలదు, బండి అక్కడే ఉంటుంది. డిఫరెన్షియల్ పని బలాన్ని రెండు చక్రాలకీ సమానంగా పంచడం, కానీ జారే చక్రం దగ్గర బలం నిలవదు కాబట్టి పట్టున్న చక్రానికీ అంతే కొంచెం వెళ్తుంది. అప్పుడు డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒకటిగా తిరుగుతాయి, ట్రాక్టర్ బయటపడుతుంది. ర్యాలీ బండిలో ఉండే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చేసేది కూడా ఆ పనే, కాకపోతే పూర్తిగా లాక్, పూర్తిగా ఫ్రీ అని కాకుండా మధ్యలో ఎంత కావాలో మనం పెట్టుకోవచ్చు, రేజ్ ఇచ్చినప్పుడు ఒక లెక్క, రేజ్ తీసినప్పుడు ఇంకో లెక్క.

రేజ్ ఇచ్చినప్పటి లెక్కే డ్రైవింగ్ లాక్. ఇది తక్కువైతే మలుపు బయటికొచ్చేటప్పుడు లోపలి వైపు వెనక చక్రం ఒక్కటే గిర్రుమంటుంది, ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకు తోసుకుపోదు. రీప్లేలో వెనక కెమెరా పెట్టి ఆ చక్రాన్ని చూడండి, స్పష్టంగా కనపడుతుంది. అప్పుడు లాక్ పెంచండి. పెంచే కొద్దీ రెండు చక్రాలూ కలిసి తోస్తాయి, పట్టు బాగా వస్తుంది, కానీ వదిలేసినప్పుడు రెండూ కలిసే వదిలేస్తాయి, కాబట్టి రేజ్ ఇస్తూనే వెనక మొత్తం పక్కకి వస్తుంది. మట్టి మీద, కంకర మీద ఇది మంచిదే, ఎందుకంటే ఆ జారడం ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, మీరు స్టీరింగ్ ముందే ఎదురు తిప్పి పెట్టుకోవచ్చు. స్పెయిన్ తారు రోడ్డు మీద మాత్రం అంత లాక్ పనికిరాదు, పట్టు ఎక్కువున్న రోడ్డు మీద రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలంటే బండి మలుపు తిరగడానికి మొరాయిస్తుంది, అక్కడ తగ్గించండి.

రేజ్ తీసినప్పుడు, బ్రేక్ తొక్కినప్పుడు పనిచేసేది బ్రేకింగ్ లాక్. స్పీడుగా వస్తూ రేజ్ వదలగానే వెనక ఉలిక్కిపడినట్టు పక్కకొస్తుంటే దీన్ని పెంచండి, బండి నిదానిస్తుంది. మరీ పెంచితే బ్రేక్ తొక్కి ఎంత స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు గీసుకుంటూ తిన్నగా పోతాయి. కొత్తవాళ్లు దీన్ని కొంచెం ఎక్కువ వైపే ఉంచుకోండి, చేయి తిరిగాక తగ్గిస్తూ రండి. రేజ్ వదిలి బండిని తిప్పే పద్ధతి అలవాటయ్యాక తక్కువ బ్రేకింగ్ లాక్ ఇచ్చే సుఖం వేరు.

ప్రీలోడ్ అంటే రేజూ బ్రేకూ రెండూ లేనప్పుడు కూడా ఉండే పట్టు. బ్రేక్ నుంచి రేజ్‌కి మారే ఆ క్షణంలో బండి వదులుగా తూలినట్టనిపిస్తే పెంచండి. హెయిర్‌పిన్‌లో, అంటే వెనక్కి మళ్లినట్టుండే బిగుతు మలుపులో, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ముందు భాగం లోపలికి రావట్లేదంటే తగ్గించండి. చిన్న సంఖ్య మార్పే అయినా చేతికి బాగా తెలుస్తుంది.

బ్రేక్ బయాస్

బ్రేక్ బలంలో ముందు చక్రాలకి ఎంత, వెనక చక్రాలకి ఎంత అన్నదే బయాస్. దిగువకి పోయే రోడ్డులో బ్రేక్ కొట్టగానే వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంటే బయాస్ ముందుకు జరపండి. ఎంత బ్రేక్ కొట్టినా బండి తిన్నగానే పోతుంటే కొంచెం వెనక్కి. బ్రేక్ మీద కాలు ఉంచి మెల్లగా వదులుతూ మలుపులోకి దిగే అలవాటు ఉన్నవాళ్లకి వెనక్కి జరిపిన బయాస్ బాగా కలిసొస్తుంది, ముందు చక్రాల మీద బరువు నిలబడి ఉంటుంది, వెనక తేలిగ్గా తిరుగుతుంది. ముందు డిఫరెన్షియల్ బ్రేకింగ్ లాక్ సరిచేశాకే దీని దగ్గరికి రండి, రెండూ ఒకే ముక్కలో పనిచేస్తాయి కాబట్టి కలిపి మారిస్తే ఏది ఏం చేసిందో తేలదు.

హెయిర్‌పిన్ తిరగట్లేదని మాత్రం సెటప్ మొత్తం మార్చకండి. దానికి హ్యాండ్ బ్రేక్ ఉంది, వాడండి.

స్ప్రింగులు, బార్లు, ఎత్తు

వెనక స్ప్రింగులు మెత్తగా ఉంటే రేజ్ ఇచ్చినప్పుడు వెనక భాగం కిందికి కూర్చుంటుంది, గుంతల మీద కూడా చక్రాలు నేలను వదలవు, పట్టు పెరుగుతుంది. మట్టి రోడ్డు మీద వెనక చక్రాల బండికి వెనక మెత్తగా, ముందు దానికంటే కాస్త గట్టిగా పెట్టుకోవడం మంచి మొదలు. మరీ మెత్తగా చేస్తే మలుపు నుంచి మలుపుకి మారేటప్పుడు బండి ఊగి, రెండో మలుపులో ఆ ఊగిసలాటే మిమ్మల్ని బయటికి విసిరేస్తుంది.

యాంటీ రోల్ బార్ అంటే ఎడమ కుడి చక్రాలను కలుపుతూ మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీ, ముందొకటి వెనకొకటి. దీని సంగతి గుర్తుపెట్టుకోవడం తేలిక. ఏ వైపు బార్ గట్టిచేస్తే ఆ వైపు పట్టు ముందు పోతుంది. వెనక ఎక్కువ జారుతుంటే వెనక బార్ మెత్తగా చేయండి లేదా ముందు బార్ గట్టిచేయండి. ఇది మలుపు నడిమధ్య ముక్కకి మందు. కంకర మీద రెండు బార్లూ మెత్తగా ఉంటేనే మంచిది, ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రాన్ని లేపకుండా ఉంటుంది.

ఎత్తు గురించి పెద్దగా చెప్పేది లేదు. తారు మీద దించండి, కంకర మీద పెంచండి, బండి గాల్లోకి ఎగిరే ఫిన్లాండ్ మిట్టల మీద ఇంకాస్త. ముందు కంటే వెనక మరీ ఎత్తైతే బండి లోపలికి గభాలున దిగుతుంది, వెనక తేలికవుతుంది.

షాకులు

అందరూ భయపడి ముట్టుకోని పేజీ ఇది, నా లెక్కలో చివర్లో ముట్టుకోవాల్సిన పేజీ కూడా. బంప్ అంటే షాక్ నొక్కుకుపోయేటప్పటి గట్టితనం, రీబౌండ్ అంటే అది తిరిగి సాగేటప్పటి గట్టితనం. స్లో, ఫాస్ట్ అని ఉన్నవి బండి స్పీడు గురించి కాదు, షాక్ లోపల పిస్టన్ ఎంత వేగంగా కదులుతోందో దాని గురించి. మీరు స్టీరింగ్ తిప్పినా, బ్రేక్ తొక్కినా, రేజ్ ఇచ్చినా బండి ఒరగడం నెమ్మది కదలిక, అది స్లో లెక్కలోకొస్తుంది. రాయి తగిలినా, గుంతలో పడినా, ఎగిరి దిగినా ఒక్కసారిగా జరిగే కదలిక, అది ఫాస్ట్.

కాబట్టి చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు నలిపేసిన రోడ్లలా గుంతలూ రాళ్లూ ఉండే గ్రీస్, అర్జెంటీనా స్టేజ్‌లలో ఫాస్ట్ బంప్ మెత్తగా చేయండి. బండి గంతులు తగ్గుతాయి, చక్రం నేల మీద ఉంటుంది, రేజ్ ఇస్తే పనిచేస్తుంది. గుంతల రోడ్డు మీద రేజ్ ఇస్తే వెనక టకటకమని ఎగురుతూ పక్కకు పోతోందంటే అది డిఫరెన్షియల్ జబ్బు కాదు. వెనక రీబౌండ్ ఎక్కువైంది, చక్రం గుంతలోకి దిగే లోపే గుంత దాటిపోతోంది. రీబౌండ్ తగ్గించండి. ఎగిరి దిగాక బండి బంతిలా మళ్లీ పైకి లేస్తుంటే రీబౌండ్ తక్కువైందని అర్థం, పెంచండి. స్లో బంప్ గట్టిగా ఉంటే బండి చేతికి వెంటనే పలుకుతుంది, మెత్తగా ఉంటే నిదానంగా ఒరుగుతుంది. వెనక చక్రాల బండిలో వెనక స్లో బంప్ కాస్త మెత్తగా ఉంచితే రేజ్ ఇచ్చినప్పుడు బరువు మెల్లగా వెనక్కి చేరుతుంది, చక్రాలు ఉన్నట్టుండి వదిలేయవు.

గేర్లు, అలైన్‌మెంట్, టైర్లు

స్టేజ్ మొత్తంలో అన్నిటికంటే పొడుగైన తిన్నని రోడ్డు చివర టాప్ గేర్‌లో ఇంజిన్ లిమిటర్ (ఇంజిన్ ఇక అంతకంటే వేగంగా తిరగకుండా ఆపే హద్దు) తగిలీ తగలకుండా ఉండాలి. అక్కడికి ముందే తగులుతుంటే గేర్లు పొడుగు చేయండి, అంటే ఒక్కో గేర్‌లో ఎక్కువ స్పీడు దాకా పోయేలా, టాప్ గేర్ అసలు పడట్లేదంటే పొట్టి చేయండి. రెండో గేర్‌లో మలుపు బయటికొస్తూ ప్రతిసారీ చక్రాలు గిర్రుమంటుంటే ఆ ఒక్క గేరు కొంచెం పొడుగు చేసి చూడండి, లేదా మూడో గేర్‌లో బయటికి రండి, డిఫరెన్షియల్ కూడా తీర్చలేని ఇబ్బంది దానితో తీరుతుంది.

వెనక చక్రాలకి కొంచెం టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) పెడితే తిన్నగా పోయేటప్పుడూ రేజ్ ఇచ్చేటప్పుడూ వెనక కుదురుగా ఉంటుంది. ముందు చక్రాలకి కొంచెం టో అవుట్ (అవి బయటికి తిరిగి ఉండడం) పెడితే స్టీరింగ్ చురుకవుతుంది. క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం (నెగటివ్), తారు మీద ఎక్కువ, మట్టి మీద తక్కువ. ఇంతకంటే దీని మీద టైమ్ పెట్టక్కర్లేదు.

టైర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. సాఫ్ట్ టైర్లు మొదట్లో బాగా పట్టుకుంటాయి, కానీ ఈ బండ్లలో నెట్టేపనంతా వెనక రెండింటిదే కాబట్టి, మీరు చక్రాలు తిప్పే రకమైతే పొడుగు స్టేజ్ చివరికి వెనక టైర్లు అరిగి మొదట్లో బాగున్న సెటప్పే జారడం మొదలుపెడుతుంది. అప్పుడు సెటప్ తప్పని మార్చేయకండి, ముందు టైర్ చూసుకోండి.

ఏ బండికి ఏది

బండి మారితే పైన చెప్పిన దిశలు మారవు గానీ ఎంత మార్చాలన్నది మారుతుంది. ఎస్కార్ట్ మార్క్ 2, ఓపెల్ కాడెట్, ఓపెల్ అస్కోనా 400 లాంటివాటికి ఇంజిన్ ముందుంటుంది, ముందు బరువు, వెనక తేలిక, కాబట్టి వెనక స్ప్రింగులు మెత్తన, డ్రైవింగ్ లాక్ ఎక్కువ అన్న సూత్రం వీటికి బాగా నప్పుతుంది. నేర్చుకోవడానికి ఎస్కార్ట్‌ని మించిన బండి లేదని నా అభిప్రాయం, అది ఏం చేయబోతోందో ముందే చెప్పి చేస్తుంది. 1981లో ఆరి వటానెన్ ప్రపంచ ర్యాలీ చాంపియన్ అయింది ఎస్కార్ట్‌తోనే, మరుసటి ఏడు వాల్టర్ రోర్ల్ అస్కోనా 400తో గెలిచాడు, అప్పటికే ఆడి క్వాట్రో నాలుగు చక్రాల డ్రైవ్‌తో తరుముతున్నా.

లాన్సియా స్ట్రాటోస్, లాన్సియా 037 వేరే జాతి. ఇంజిన్ డ్రైవర్ వెనకే ఉంటుంది, వెనక పట్టు సహజంగానే ఎక్కువ, కానీ ఒకసారి వదిలితే తిరిగి పట్టుకోవడం కష్టం. పైగా స్ట్రాటోస్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2.18 మీటర్లే, అదే ఎస్కార్ట్‌కి 2.4 మీటర్ల దాకా ఉంటుంది, అందుకే స్ట్రాటోస్ తిరగడం మొదలైతే మీకు టైమ్ ఇవ్వదు. దీనికి బ్రేకింగ్ లాక్, ప్రీలోడ్ పెంచి నిదానం చేసుకోండి. 1983లో లాన్సియాకి కంపెనీల టైటిల్ తెచ్చిన 037 ఇంకాస్త పెద్దమనిషి తరహా, వెనక చక్రాల బండితో ఆ టైటిల్ మళ్లీ ఎవరూ గెలవలేదు, తారు మీద దాన్ని నడుపుతుంటే ఎందుకు గెలిచిందో తెలుస్తుంది. పోర్షే 911, ఆల్పీన్ ఎ110లకి ఇంజిన్ పూర్తిగా వెనక చివర ఉంటుంది. వీటిలో ముందు చక్రాలే తేలిక, బ్రేక్ తొక్కి ముందుకి బరువు తేకపోతే తిరగవు, తిరిగాక మధ్యలో రేజ్ వదిలితే వెనక బరువంతా ఊగి బయటికి లాగుతుంది. వీటి సెటప్‌ని ఎస్కార్ట్‌కి గానీ ఎస్కార్ట్ సెటప్‌ని వీటికి గానీ కాపీ కొట్టొద్దు.

కీబోర్డుతో ఆడేవాళ్లకి ఒక మాట. మీకు రేజ్ అంటే ఉంటే ఫుల్, లేకపోతే సున్నా. మీ సెటప్ ఆ ఫుల్ రేజ్‌ని తట్టుకునేలా ఉండాలి: వెనక ఇంకా మెత్తగా, రెండో గేరు పొడుగ్గా, వెనక టో ఇన్ కాస్త ఎక్కువగా. కంట్రోలర్ ట్రిగ్గర్ ఉంటే రేజ్‌ని కొంచెం కొంచెంగా ఇవ్వొచ్చు, వీలుంటే అది కొనుక్కోండి. స్టీరింగ్ వీల్ ఉన్నవాళ్లు 900 డిగ్రీలు పెట్టుకుని ఎదురు తిప్పడానికి చేతులు చాలక అవస్థపడుతుంటారు, 540 డిగ్రీల దగ్గరికి తగ్గించి చూడండి.

పొడిలో పని పూర్తయ్యాక అదే స్టేజ్‌ని వానలో పెట్టండి. స్ప్రింగులూ బార్లూ ఒక మెట్టు మెత్తన, బ్రేక్ బయాస్ కొంచెం ముందుకి, గేర్లు కొంచెం పొడుగు, చాలావరకు ఇంతే. తారు మీద అయితే డ్రైవింగ్ లాక్ కూడా ఒక మెట్టు దించండి. రాపూరు ఘాట్ తరహాలో వరుసగా మెలికలు తిరిగే మాంటే కార్లో స్టేజ్‌లకైతే వేరే సెటప్ కావాలి, అక్కడ తారు, మంచు ఒకే మలుపులో కలిసి వస్తాయి, సగటు తీసుకోవడం తప్ప దారి లేదు, తారు సెటప్‌ని మెత్తచేసుకుంటూ రావడం కంటే కంకర సెటప్‌ని కాస్త దించుకుంటూ రావడమే నాకు బాగా పనిచేసింది.

ప్రతి సెటప్‌ని బండి పేరు, రోడ్డు రకం, పొడి తడి కలిపి ఒక పేరుతో సేవ్ చేయండి, ‘ఎస్కార్ట్ కంకర పొడి’ అన్నట్టు. డీఫాల్ట్ మీదే సేవ్ చేసుకుంటూ పోకండి. కొత్త దేశం వెళ్లినప్పుడు దగ్గరి సెటప్ లోడ్ చేసి, ఒక స్టేజ్ నడిపి, మళ్లీ అదే ప్రశ్నతో మొదలుపెట్టండి: దిగేటప్పుడా, మధ్యలోనా, బయటికొచ్చేటప్పుడా. మూడు ముక్కల్లో దేనిలోనూ ఫిర్యాదు లేకపోతే ఇక ఏదీ ముట్టుకోకుండా నడపండి.